కేశసంరక్షణము - పెరటి మూలికలు

(వసంత్ కుంజ్‌నందలి తెలుగు ఉద్యోగ కుటుంబముల సమావేశమునకు సిద్ధపరచిన ప్రసంగపాఠము)



ఆంధ్రదేశమునుండి బదిలీపై ఢిల్లీకి వచ్చు ఉద్యోగి సామానులో రెండు వస్తువులు సాధారణముగా కానవచ్చును. ఒకటి ఆవకాయ జాడీ, రెండవది కుంకుడుకాయల సంచి. ఆవకాయకు ఆదరణలో ఏనాడును లోటు లేదు. కుంకుడుకాయల సంచి మాత్రము మొదటి దీపావళికి విప్పబడి, రెండవ దీపావళినాటికి అటక నెక్కి, మరుసటి బదిలీలో పాత వార్తాపత్రికలతోపాటు వెళ్లిపోవుచున్నది. ఈ ప్రసంగము ప్రధానముగా ఆ సంచిని గూర్చినదే.

వసంత్ కుంజ్ ఆరావళి గుట్టల యంచున, మసూద్‌పూర్, కిషన్‌గఢ్, మహిపాల్‌పూర్ మొదలగు పాత గ్రామముల నడుమ వెలసిన నివాసస్థలము. ఢిల్లీ అభివృద్ధి సంస్థవారు ఇచ్చట గృహసముదాయములను 1980వ దశకమునుండి నిర్మించిరి. రాతినేల యగుటచే నీటికి ఎద్దడి. కుళాయినీరు చాలనపుడు ట్యాంకరునీరు, గొట్టపుబావినీరు వాడుకొనవలసివచ్చును. భూమిలోనుండి తోడిన ఆ నీరు చాలచోట్ల కఠినజలము. గోదావరి కాలువనీటికో, కృష్ణ నీటికో అలవాటుపడిన ఇల్లాలు ఇచ్చట మూడు నెలలు స్నానము చేయునప్పటికి, "ఢిల్లీ నీళ్లకు జుట్టంతా ఊడిపోయింది" అనుట పరిపాటి.

ఈ మాటలో సగము నిజమున్నది. కఠినజలమునందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసినపుడు నీటిలో కరగని తెట్టు ఏర్పడును. బకెట్టు అంచున తెల్లగా పట్టునది అదియే. ఆ తెట్టు వెండ్రుకలపై పేరుకొనగా అవి బిరుసెక్కి, చిక్కుపడి, దువ్వెన తగిలినపుడు తెగును. అయితే తెగుట వేరు, ఊడుట వేరు. రాలిన వెండ్రుకను వెలుతురున పట్టి చూచినచో, ఒక చివర ఆవగింజలో సగమంత తెల్లని గుబ్బ కనబడిన అది కుదురునుండి ఊడినది. గుబ్బలేక పొట్టిగానున్నది నడుమ తెగినది. నీటిపై మోపవలసిన నేరము ఈ రెండవదానికి మాత్రమే. మొదటిదానికి కారణము వేరుచోట వెదకవలసియుండును. ఆ విషయము తరువాత వచ్చును.

కుంకుడు గొప్పదనము ఇచ్చటనే తెలియును. కుంకుడుకాయ పైగుజ్జులో సపోనిన్లను నురుగునిచ్చు పదార్థములు కలవు. ఇవి సబ్బువలె కఠినజలముతో కలిసి తెట్టు కట్టవు. కావున గొట్టపుబావినీటిలోను కుంకుడు తన పని తాను చేయును. సంస్కృతమున దీనికి ఫేనిలమని పేరు, అనగా నురుగు గలది. అరిష్టకమను మరియొక పేరే హిందీలో రీఠా అయినది. దక్షిణదేశపు కుంకుడు చెట్టు, హిమాలయపాదమున పెరుగు రీఠా చెట్టు ఒకే కుటుంబమునకు చెందిన రెండు జాతులు. కావున సంచి అటక నెక్కినను దిగులులేదు. ఖారీబావలీ అంగళ్లలో రీఠా యని అడిగినచో లభించును. కాయ రూపము కొంచెము వేరుగానుండును గాని నురుగులో భేదము లేదు.

నేటి షాంపూలలోని రసాయనములు కూడ కఠినజలమున తెట్టు కట్టవని న్యాయముగా చెప్పవలెను. ఆ దోషము సబ్బుబిళ్లది. షాంపూను విషముగా వర్ణించుట ఇటీవల కొందరికి వేడుకయైనది, అది సరికాదు. ఆ మాటకు వచ్చినచో షాంపూ యను పదమే ఈ దేశపుది. మర్దించుట, పిసుకుట యను అర్థముగల హిందీ ధాతువునుండి అది పుట్టినది. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లాండు చేరి బ్రైటన్ పట్టణమున ఆవిరిస్నానశాల నెలకొల్పి, ఆ విద్యపై 1822లో ఒక గ్రంథమును ప్రకటించెను. అప్పటికి దాని యర్థము అంగమర్దనమే. తలరుద్దుకొను ద్రవమను అర్థము తరువాత వచ్చినది. తలంటు మాత్రము తెలుగువారి యింట నాటికిని నేటికిని తలంటే. నూనె పెట్టి మర్దించుట, నలుగు పెట్టుట, కుంకుడుతో రుద్దుట, సాంబ్రాణి పొగ వేయుట అన్నియు ఆ మాటలో ఇమిడియున్నవి.

కుంకుడు పులుసు తీయుపద్ధతి తెలియని తెలుగు గృహిణి ఒక తరము క్రిందట లేదు. ఇపుడు చెప్పవలసిన దినము వచ్చినది. నిడుపుజుట్టు గల ఒక మనిషికి పదిపన్నెండు కాయలు చాలును. వానిని రాతితో చితుకగొట్టి, నల్లని గింజను తీసివేసి, పైబెరడును వేడినీట అరగంట నానబెట్టవలెను. నానినపిదప చేతితో పిసికి వడగట్టిన చిక్కని పులుసు వచ్చును. అందు నాలుగు మందారాకులు నలిపి కలిపినచో ఆకుజిగురు చేరి వెండ్రుకలు చిక్కుపడక జారును. కొందరు అన్నపు గంజి చేర్చుదురు, అదియు మంచిదే. కుంకుడు మురికితోపాటు జిడ్డును గట్టిగా లాగివేయును. కావుననే ముందుగా నూనె అంటవలెనను నియమము ఏర్పడినది. నూనె లేక ఒట్టి తలపై వారమునకు రెండుమార్లు కుంకుడు రుద్ది, జుట్టు పీచైనదని కుంకుడును నిందించువారు కలరు. అది సగము విధిని పాటించి సగము విడుచుటవలన వచ్చిన చిక్కు.

కన్నులలో పులుసు పడినపుడు ఏడ్చు బిడ్డనోట ఉప్పుకల్లు వేయు ఆచారము తెలుగువారి యిండ్ల నున్నది. ఉప్పు బిడ్డదృష్టిని మరల్చునేగాని కంటిమంటను తీర్చదు. కుంకుడు రసము కంటిపొరకు నిజముగా బాధ కలిగించునది. వెంటనే మంచినీటితో ధారాళముగా కడుగుటయే ఉపాయము. ఎఱ్ఱదనము మరునాటికిని తగ్గనిచో వైద్యునకు చూపవలెను. బామ్మగారి మాటయని ఉప్పుకల్లును కూడ వేసిన నష్టము లేదు.

ఈ కాయ ఏ చెట్టునుండి ఎవరి చేతిమీదుగా వచ్చుచున్నదో పట్టణవాసులు అరుదుగా తలంతురు. తూర్పుకనుమలలో పాడేరు, అరకు, చింతపల్లి, రంపచోడవరము ప్రాంతముల గిరిజనులు కుంకుడు, సీకాయ, ఉసిరి, చింతపండు, తేనె, అడ్డాకులు, కొండచీపుళ్లు, తపసిజిగురు సేకరించి వారపుసంతలకు మోసికొని వత్తురు. పూర్వము వ్యాపారులు అప్పులిచ్చి, తూకమున తగ్గించి, ఉప్పునకు బట్టకు మారుగా ఈ సరకును కొనిపోయెడివారు. ఆ దోపిడిని అరికట్టు నుద్దేశముతో 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజనుల సహకారసంస్థ స్థాపితమైనది. అదియే నేడు గిరిజన సహకార సంస్థగా ప్రసిద్ధము. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణమునకు వేరు సంస్థ యేర్పడినది. 2006నాటి అటవీహక్కుల చట్టము చిల్లర అటవీఫలసాయముపై గిరిజనులకు యాజమాన్యహక్కు నిచ్చినది. చట్టము కాగితముపైనుండి సంతలోని తక్కెడవరకు దిగివచ్చుటకు ఎంత కాలము పట్టునో కేంద్రప్రభుత్వోద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఢిల్లీ అంగడిలో కొను పొడి డబ్బాకన్న, స్వస్థలమునకు పోయినపుడు ఆ సంస్థ అంగడిలో కొను ముడికాయ మేలు. పొడిలో ఏమి కలిసినదో కంటికి కనబడదు, కాయలో కలుపుటకు వీలులేదు.

సీకాయ కుంకుడుకు చెల్లెలివంటిది. తీగతుమ్మజాతి ముండ్లపొదకు కాయు ఈ కాయలను ఎండించి, మెంతులు, ఎండుమందారపూలు, ఉసిరిపెచ్చులు చేర్చి మరపట్టించుదురు. నురుగు తక్కువ, మెత్తదనము ఎక్కువ. పొడిజుట్టు గలవారికి కుంకుడుకన్న ఇదియే అనుకూలము. మెంతుల సంగతియు ఇంతే. రాత్రి నానవేసి ఉదయము రుబ్బి పట్టించినచో దాని జిగురు వెండ్రుకపై పొరవలె నిలిచి మృదుత్వమునిచ్చును.

ఇక నూనెలు. గుంటగలగరాకు నూనెకు తెలుగుదేశమున ఎంతటి ప్రసిద్ధి యున్నదో చెప్పనక్కరలేదు. సంస్కృతపు భృంగరాజమిదియే. మడిగట్లపై, కాలువయొడ్డున, తడినేలలో మొలచి చిన్న తెల్లని పూలు పూయును. ఆకు నలిపినచో రసము క్రమముగా నల్లబడును. నల్లని రసము వలన నల్లని కురులు వచ్చునని పూర్వులు తలచి యుండవచ్చును. ఆయుర్వేదమున తైలపాకమునకు ఒక లెక్క కలదు. ముద్ద ఒక భాగము, నూనె నాలుగు భాగములు, రసము పదునారు భాగములు. అనగా నూనెకు రసము నాలుగింతలు. దీనిని సన్నని సెగపై, మాడకుండ కలుపుచు, నీరంతయు ఇగురువరకు కాచవలెను. పాకము ముగిసినదని తెలిసికొనుటకు రెండు గుర్తులు. అడుగున మిగిలిన ముద్దను వ్రేళ్ల నడుమ నలిపినచో వత్తివలె సాగవలెను. ఒక వత్తిని ఆ నూనెలో ముంచి వెలిగించినచో చిటపటలాడక నిలుకడగా మండవలెను. చిటపట వినబడిన తడి మిగిలినదన్నమాట. అట్టి నూనె నెలలోపల ముక్కవాసన కొట్టును. ఉష్ణమాపకము లేని వంటయింట ఇంతకన్న శాస్త్రీయమైన పరీక్ష దొరకదు.

ఈ నూనె జుట్టును మొలిపించునా? 2008లో ప్రకటితమైన ఒక పరిశోధనలో భారతీయ శాస్త్రజ్ఞులు మగ తెల్లయెలుకలపై గుంటగలగర సారమును ప్రయోగించి, రోమములు పెరుగుదశకు త్వరగా ప్రవేశించుటను గమనించిరి. ఎలుకల విషయము మనుష్యులకు అట్లే వర్తింపదు. బట్టతలపై ఈ నూనె రోమములు మొలిపించినట్లు నమ్మదగిన పెద్దపరీక్షలు లేవు. బట్టతలకు వాడు మినాక్సిడిల్ కూడ మొదట రక్తపుపోటు మందే. అది వాడిన రోగుల ఒంటిపై రోమములు పెరుగుటను చూచి, తరువాత 1988లో అమెరికాలో తలకు పూయు మందుగా అనుమతించిరి. మందు ఏ త్రోవన వచ్చినను, పరీక్షకు నిలిచినదే మందు.

కొబ్బరినూనె విషయమున మాత్రము పరీక్ష అనుకూలముగా వచ్చినది. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము కొబ్బరినూనె వెండ్రుకలోనికి ఇంకి, తలస్నానమున జరుగు మాంసకృత్తుల నష్టమును తగ్గించును. ఖనిజతైలము, పొద్దుతిరుగుడు నూనె అట్లు చేయలేదు. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్ము వ్యాపారసంస్థవారే యన్న సంగతియు చెప్పుట ధర్మము. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్ద గడ్డకట్టును. ఢిల్లీలో కార్తికము వెడలినది మొదలు శివరాత్రివరకు సీసాలో రాయివలె నుండును. సీసాను వేడినీటి గిన్నెలో నిలిపినచో చాలును, పొయ్యిపై పెట్టనక్కరలేదు. చలికాలమున నువ్వులనూనె వాడుకొనుట మరింత సులభము.

ఉసిరికాయలను నూనెలో వేచి, అందలి సి విటమిను అంతయు నూనెలోనికి దిగినదని సంతోషించువారు కలరు. ఆ విటమిను నీటిలో కరగునేగాని నూనెలో కరగదు. ఉసిరి పచ్చడిగానో తొక్కుగానో కడుపులోనికి పోయినపుడే దాని ఫలము. ఉసిరిపొడిని ఇనుపమూకుడులో నానబెట్టినపుడు నల్లబడుట మాత్రము నిజమైన రసాయనక్రియ. ఉసిరిలోని వగరుపదార్థము ఇనుముతో కలిసి సిరావంటి నలుపునిచ్చును. పూర్వము కరక్కాయతో సిరా చేసినదియు ఈ విధముననే.

గోరింటాకు రంగు ఎఱుపు. అది వెండ్రుకలోని మాంసకృత్తులతో గట్టిగా బంధించుకొనును, కావుననే నెలలకొలది పోదు. దానిపై నీలియాకు పొడి పట్టించినచో నలుపు తిరుగును. ఈ రెండాకులు తప్ప వేరేమియు లేనిచో గంటలో కారునలుపు వచ్చుట అసాధ్యము. నల్లగోరింట యని అంగడిలో అమ్ము పొడి చాలసందర్భములలో పారాఫినైలిన్ డయామిన్ అను రసాయనము కలిపినది. కొందరికి దీనివలన నెత్తి పొంగి, కనురెప్పలు మూసికొనిపోవును. చెవివెనుక చుక్క పూసి రెండు దినములు వేచి చూచిన పిదపనే వాడవలెను. ఈ రంగు ఏ విధముగానైనను కడుపులోనికి పోయినచో గొంతు వాచి ఊపిరాడక పోవుటయు, కండరములు, మూత్రపిండములు చెడుటయు జరుగును. ఆంధ్రదేశపు వైద్యశాలలనుండి ఇట్టి కేసులు వైద్యపత్రికలలో పలుమారులు వెలువడినవి. ఇంట రంగుసీసాను తాళము వేసిన అరలో నుంచవలెను. అనుమానము కలిగిన క్షణమున ఆసుపత్రికి పరుగెత్తవలెను, ఇంటిమందులతో ఒక నిమిషమైనను వృథా చేయరాదు. స్వచ్ఛమైన గోరింటాకు కూడ పసిబిడ్డలకు పెట్టరాదు. జి-6-పి-డి అను ఎంజైము లోపముగల శిశువులలో అది చర్మముగుండ లోనికి ఇంకి ఎఱ్ఱరక్తకణములను విరుగజేయును. బారసాలనాడు బిడ్డ అరికాళ్లకు గోరింట పెట్టు ముచ్చటను పెద్దయైనవరకు వాయిదా వేసిన లోటుండదు.

ఇపుడు తెల్లని గుబ్బతో ఊడు వెండ్రుకల విషయము. తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కొన్ని సంవత్సరములు పెరిగి, కొన్ని నెలలు విశ్రమించి, రాలిపోవును. దినమునకు 50 మొదలు 100 వరకు రాలుట ప్రకృతిధర్మము. తీవ్రమైన జ్వరముగాని, ప్రసవముగాని, ఆకస్మికముగా తిండి తగ్గించుటగాని జరిగినపుడు అనేక వెండ్రుకలు ఒక్కమారుగా విశ్రాంతిదశకు పోవును. అవి రాలుట రెండుమూడు నెలల పిదప మొదలగును. ఈ ఆలస్యమే భ్రాంతికి మూలము. ఢిల్లీలో డెంగీజ్వరము వానకాలపు చివర వచ్చును. పుష్యమాసమున దువ్వెననిండ జుట్టు వచ్చును. అప్పటికి జ్వరము మరపునకు వచ్చియుండును, చలియో నీరో షాంపూయో కారణముగా తోచును. ఖరీదైన నూనె కొనుట ఆరంభమగును. మరి కొన్ని నెలలకు జుట్టు తనంతట తానే మరల వచ్చును. కీర్తి నూనెకు దక్కును! అంగడులలోని మహిమాన్విత తైలముల ప్రశంసాపత్రములలో ఎన్ని ఈ విధముగా వచ్చినవో లెక్కించువారు లేరు. ఔషధముల విషయమై 1945నాటి నియమములలోని 'జె' షెడ్యూలు, బట్టతలను నయము చేయుననిగాని, కొత్తజుట్టు మొలిపించుననిగాని మందు అమ్మువాడు చెప్పరాదని ఏనాడో నిషేధించినది. వార్తాపత్రికల ప్రకటనలు చదువువారికి ఆ నిషేధమున్నట్లు తోచదు.

జ్వరముగాని ప్రసవముగాని లేకయే ఆరు నెలలు దాటి జుట్టు పలుచనగుచున్న స్త్రీ విషయమున మొదట చూడవలసినది తైలము కాదు, రక్తము. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. ఇనుము కొరత, థైరాయిడు గ్రంథి లోపము రెండును జుట్టు రాలుటతో బయటపడవచ్చును. ఇంటిల్లిపాదికిని వడ్డించి చివర మిగిలినది తిని, ఆయాసమును మెట్లపై నెట్టి, పలుచబడిన జడకు గుంటగలగర రాచుకొను తల్లుల సంఖ్య తక్కువ కాదు. కేంద్రప్రభుత్వారోగ్యపథకపు చీటీ ప్రతి యింటను ఉన్నది. ఆ చీటీపై భర్త రక్తపుపోటుకు, బిడ్డల దగ్గుకు మందులు వ్రాయబడినన్ని సార్లు ఇల్లాలి రక్తపరీక్ష వ్రాయబడుట లేదు. నూనెకు రెండు వందలు వెచ్చించుటకు ముందు ఆ పరీక్ష జరుగుట మేలు.

ఈ ఇంటివైద్యము ఎచ్చటనైన వ్రాసియున్నదా యని ప్రశ్న. తెలుగునాట వైద్యులు వందలయేండ్లుగా అనుసరించిన బసవరాజీయమువంటి గ్రంథములున్నవి. అమెరికాలో పసుపుపై 1995లో ఇచ్చిన పేటెంటును భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ఎదిరించి 1997లో రద్దు చేయించిన సంగతి అందరికిని విదితము. ఆ పాఠమునుండియే 2001లో సంప్రదాయవిజ్ఞానపు సంఖ్యాత్మక గ్రంథాలయము ఆరంభమైనది. పూర్వగ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి తెచ్చి విదేశపు పేటెంటు పరిశీలకులకు అందించుట దాని పని. అయితే ఆ గ్రంథాలయమునకు ఆధారము ముద్రితగ్రంథములు. కుంకుడు పులుసులో మందారాకు ఎన్ని, గంజి ఎంత, పొడిజుట్టుకు ఏది తగ్గించవలెను, బాలింతకు ఏది మానవలెను అను వివరము బామ్మల చేతివ్రేళ్లలో ఉన్నది. ఈ కాలనీలోనే వేసవికి వచ్చి పోవు పెద్దముత్తైదువలు ఎందరో కలరు. వారి మాటలను ఒక నోటుపుస్తకమున, ఊరిపేరుతో, కొలతలతో వ్రాసికొనుట సంఘపు మహిళాసభ్యులకు పెద్దపని కాదు. కృష్ణాజిల్లా పద్ధతి వేరు, వరంగల్లు పద్ధతి వేరు, రాయలసీమలో వేరు. ఆ భేదములే విలువగలవి.

మూలికలు ఇచ్చట దొరకునా యన్న సందేహము తీర్చవలసియున్నది. గుంటగలగర వానకాలమున ఢిల్లీలోను తడినేలలో మొలచును. కాని కాలనీ వెనుక మురుగుకాలువ యొడ్డున కోసిన ఆకులో మురుగులోని లోహములు చేరియుండును, అది తలకు పనికిరాదు. ఇరుగుననున్న ఆరావళి జీవవైవిధ్య వనమున, పూర్వము రాతిగనులై సర్కారుతుమ్మ క్రమ్మిన నేలను బాగుచేసి స్వదేశీయవృక్షములను పెంచుచున్నారు. అది చూచుటకేగాని కోయుటకు కాదు. కావున కుండీయే శరణ్యము. గుంటగలగరను కుంటలోని మట్టికి మారుగా తోటమట్టి, పశువులయెరువు కలిపి, తడి ఆరకుండ పెంచవచ్చును. మందారము వసంత్ కుంజ్ బాల్కనీలలో చక్కగా పూయును. పుష్యమాఘములలో మంచు తగిలి ఆకురాల్చినను, గోడప్రక్కకు జరిపి నీరు తగ్గించినచో హోళీనాటికి మరల చిగిర్చును. కరివేపమొక్కకును ఇదే జాగ్రత్త.

చివరగా ఒక చిన్న మాట. కుంకుడు పులుసు నిలువయుండదు. శనివారపు తలంటుకు శుక్రవారము రాత్రి తీసి సీసాలో పోసినచో వేసవిలో తెల్లవారునప్పటికి పులియును. కాయలు మాత్రము తడి తగులని డబ్బాలో సంవత్సరములు చెడక యుండును. కావున అటకపై నున్న సంచిలోని కాయలు ఇప్పటికిని పనికివచ్చును.